ఎర్రగీతలో పదిహేడో చోటు

నేను ఒక పైపు పానాను. పద్నాలుగు అంగుళాల పొడవు, రెండు దవడలు, పైదవడకి తొమ్మిది పళ్ళు. పట్టుకున్నదాన్ని పనయ్యేదాకా వదలకపోవడమే నా పుట్టుక ధర్మం. చాలాకాలం ఆ గర్వంతోనే బతికాను. ఇప్పుడు మాత్రం ఎవరైనా నా ముందు ఆగి చూస్తుంటే, త్వరగా వెళ్ళిపోతే బాగుండుననిపిస్తుంది.

పుట్టింది పంజాబులో, జలంధర్ దగ్గర ఒక కొలిమి షెడ్డులో. ఎర్రగా కాలిన ఉక్కుముక్కని అచ్చులో పెట్టి ఒక్క దెబ్బ వేశారు, నాకు ఆకారం వచ్చేసింది. కొట్టినవాడు నా వంక రెండోసారి చూడలేదు, తరవాతి ముక్క కోసం చెయ్యి చాపాడు. డజను మందిమి గోనెలో పడి, లారీ ఎక్కి, గోదావరి జిల్లాలో ఒక ఇనుప సామాన్ల కొట్టుకి చేరాం. నా తోబుట్టువుల్లో ఒకటి రొయ్యల చెరువుకి పోయింది, ఒకటి రైసుమిల్లుకి, ఒకటి కల్యాణ మండపానికి. నన్ను జైలుకి కొన్నారు. ఏ ఊరి జైలో చెప్పను. నేరం చెయ్యకుండా జైలుకొచ్చినదాన్నని మొదట్లో నాలో నేనే నవ్వుకునేదాన్ని. ఆ మాట అనుకునే అర్హత తరవాత పోయింది.

అక్కడి మరమ్మతు షెడ్డులో గోడకి ఒక పెద్ద చెక్క బోర్డు ఉండేది. ప్రతి పనిముట్టునీ దానికి ఆనించి చుట్టూ ఎర్రరంగుతో గీత గీశారు. సుత్తికి సుత్తి ఆకారం, రంపానికి రంపం ఆకారం. నా గీతలో పదిహేడు అని రాసి, నా పిడి మీద కూడా పదిహేడు అని చెక్కారు. పొద్దున నన్ను తీసుకెళ్ళేవాడు నా చోట తన ఇత్తడి బిళ్ళ తగిలించి వెళ్ళాలి. సాయంత్రం గంట మోగగానే నన్ను తెచ్చి తగిలించి బిళ్ళ తీసుకోవాలి. హెడ్ వార్డరు జకరయ్య గుమ్మంలో నిలబడి, అద్దాలు నుదుటి మీదికి నెట్టి, ఎర్రగీతలన్నీ నిండాయా లేదా అని చూసి వెళ్ళేవాడు. బయట మేస్త్రీ పానా పోతే రెండు తిట్లతో సరిపోతుంది. జైల్లో పానా పోతే మనిషి పారిపోయినంత గోల. నాకంత విలువ ఉందని మురిసిపోయాను కానీ, జకరయ్య చూసేది గీత నిండిందా అనే తప్ప అందులో ఉన్నది నేనేనా అని కాదని ఆలోచించలేదు.

నన్ను వాడేవాడు మరిడయ్య. సర్కారు ప్లంబరు, ఆ జైల్లోనే ఇరవయ్యారేళ్ళ సర్వీసు. పైపుకి చెవి ఆనించి లోపల ఎక్కడ అడ్డం పడిందో చెప్పగలడు. కారుతున్న కొళాయి కనిపిస్తే, "ఏవే, మళ్ళీ మొదలెట్టావా?" అని దాన్ని తిట్టి మరీ బాగుచేస్తాడు. ఆయన అరచేతి చెమటకి నా పిడి నున్నబడింది. ఆయనంటే నాకు ప్రాణం. ఈ కథ చెప్పడానికి నోరు రాకపోవడం అందుకే.

ఆయన వెంట సంచి మోసేవాడు లోవరాజు. యావజ్జీవ ఖైదీ, యాభయ్యేళ్ళ మనిషి. చేలోకి నీళ్ళు మళ్ళించే కాడ గొడవలో అతని చేతిలో ఒక మనిషి పోయాడు. కోర్టులో లాయరు కాదనమన్నా వినకుండా, నేనే కొట్టానండి అని ఒప్పుకున్నాడట. జైల్లో ప్లంబింగు నేర్చుకున్నాడు. మరిడయ్యని బాబాయ్ అని పిలిచేవాడు. శిక్ష పడి పద్నాలుగేళ్ళు కావస్తున్నాయి. మంచి నడవడి ఉన్నవాళ్ళని ముందుగా వదిలిపెట్టే జాబితాలో ఆ ఏడు అతని పేరు రాశారు.

ఆ జాబితా కోసం అతను రోజులు లెక్కపెట్టడానికి ఒక కారణం ఉంది. భార్య నూకరత్నానికి నీటికాసుల జబ్బు. చూపు ఏడాదిలోపు పూర్తిగా పోతుందని డాక్టరు చెప్పాడు. ములాఖత్‌లో జాలీ అవతల నిలబడి ఆమె ఒకటే అడిగేదట, "నా కళ్ళు పోకముందే వచ్చెయ్యి. నీ మొహం జాలీ లేకుండా ఓసారి చూడాలి" అని. నన్ను నూనెగుడ్డతో తుడుస్తూ లోవరాజు ఈ మాట మరిడయ్యకి ఎన్నిసార్లు చెప్పాడో.

"వచ్చే నెల ఇంట్లో ఉంటావురా," అనేవాడు మరిడయ్య. "నా మాట రాసి పెట్టుకో."

ఆ మధ్యాహ్నం నాలుగో బ్యారక్ మీది ట్యాంకులో నీళ్ళు ఆగడం లేదని ముగ్గురం పైకి వెళ్ళాం. ఇనుప మూత గాలికి కొట్టుకుంటోంది. చెయ్యి నలగకుండా మరిడయ్య నన్ను మూత కింద అడ్డం పెట్టి, లోపల నీళ్ళ మీద తేలే బంతిని సరిచేశాడు. పని అయ్యేసరికి సాయంత్రం గంట మోగింది. గంట మోగితే ఖైదీలు లైనులో ఉండాలి. ఆయన కంగారుగా సంచి భుజాన వేసుకున్నాడు.

మెట్ల దగ్గర లోవరాజు ఆగాడు. "బాబాయ్, పానా?"

"సంచిలో ఉందిలే. నువ్వు లైనులోకి పో ముందు, లేకపోతే నిన్ను నిలబెడతారు."

నేను మూత కిందే ఉన్నాను. అరిచే నోరుంటే అరిచేదాన్ని. పళ్ళున్నాయి గానీ నోరు లేదు.

తరవాత షెడ్డులో జరిగింది నాకు ఒక ముసలి పానా చెప్పింది. పనికిరాని సామాన్ల పెట్టెలో ఏళ్ళ తరబడి పడున్న, పళ్ళరిగిన పానా అది. మరిడయ్య షెడ్డుకొచ్చి సంచి బోర్లించి చూసుకుంటే నేను లేను. అప్పటికే బ్యారక్‌లకి తాళాలు పడ్డాయి. మళ్ళీ తెరవాలంటే సూపరింటెండెంటు అనుమతి, రాతపూర్వకంగా సంజాయిషీ. అంతకు రెండేళ్ళ క్రితం ఒక ఉలి మరిచిపోయి మెమో తిన్నాడు. ఇంకొక్కటి పడితే సస్పెన్షను. రిటైర్మెంటు పదకొండు నెలల్లో ఉంది. జకరయ్య బూట్ల చప్పుడు వినిపించింది. మరిడయ్య ముసలి పానాని పెట్టెలోంచి లాగి నా గీతలో తగిలించాడు. పొద్దున్నే పైకెళ్ళి నన్ను తెచ్చుకుంటే సరిపోతుందనుకున్నాడు పాపం. జకరయ్య గుమ్మంలోంచి చూశాడు. గీతలు నిండుగా ఉన్నాయి. వెళ్ళిపోయాడు.

తెల్లారి మరిడయ్య కంటే ముందు సోదా పార్టీ వచ్చింది. నెలకోసారి చెప్పకుండా వచ్చే సోదా. ఒక వార్డరు ట్యాంకెక్కి నన్ను పట్టుకున్నాడు. పిడి మీద పదిహేడు. బోర్డు మీద పదిహేడో చోట ఇంకో పానా. మరిచిపోయాను అని ఆ సాయంత్రమే చెప్పి ఉంటే మరిడయ్య సస్పెన్షనుతో పోయేది. ఇప్పుడది జైలు బద్దలు కొట్టడానికి పన్నిన కుట్ర అయిపోయింది.

జైలరు గారి బల్ల మీద నన్నూ ముసలి పానానీ పక్కపక్కన పెట్టారు. ఎదురుగా మరిడయ్య, లోవరాజు నిలబడ్డారు.

"పానాలు ఎవరు మోస్తారు?" అన్నాడు జైలరు.

గుమ్మడికాయల దొంగ అనకముందే మరిడయ్య భుజాలు తడుముకున్నాడు. "సంచి మోసేది లోవరాజేనండి. రోజూ బోర్డుకి తగిలించేదీ అతనేనండి."

అందులో అబద్ధం లేదు. రోజూ అన్నాడు, నిన్న అనలేదు. అబద్ధం చెప్పినా అతికినట్టుండాలంటారు. మరిడయ్య నిజమే చెప్పాడు, అది అబద్ధం కంటే బాగా అతికింది. అదే అబద్ధమై ఉంటే ఎక్కడో ఒకచోట ఊడేది.

లోవరాజు ఆయన వంక చూశాడు. కోపంగా కాదు, బాబాయ్ మిగతా మాట కూడా చెబుతాడని ఎదురుచూసినట్టు చూశాడు. చెప్పకపోయేసరికి తనే అన్నాడు.

"అయ్యా, గంట కొట్టేశారని బాబాయి నన్ను లైనులోకి పంపేశాడండి. పానా ఏదంటే సంచిలో ఉందన్నాడండి. నాకు తెలిసింది అంతేనండి."

"ఏవయ్యా మరిడయ్యా, అన్నావా?"

ఫ్యాను తిరుగుతోంది. మరిడయ్య కళ్ళు నా మీద పడ్డాయి. ఇరవయ్యేళ్ళు నన్ను పట్టుకున్న చెయ్యి ప్యాంటు జేబులో దాక్కుంది.

"గుర్తు లేదండి," అన్నాడు.

జాబితాలో లోవరాజు పేరు కొట్టేశారు. అతను సంపాదించుకున్న శిక్ష తగ్గింపు రోజులన్నీ రద్దు చేశారు. పని మాన్పించి విడి గదిలో పెట్టారు. సర్కారు జీతం తినేవాడు ఒక్క మెమోకి భయపడి నోరు మూసుకుంటే, మనిషి ప్రాణానికి జవాబు చెప్పుకున్నవాడు ఆ శిక్ష అనుభవించాడు. నా సిగ్గు సంగతి అడగకండి. నన్ను సాక్ష్యమన్నారు. నాలాంటి సాక్షి ఎవరికి కావాలి? నా పిడి మీది రెండంకెలు తప్ప నా దగ్గర ఏమీ లేదు, అవి కూడా లోవరాజుకి వ్యతిరేకంగానే మాట్లాడాయి. తిలాపాపం తలా పిడికెడన్నారు. నా పిడికెడు నా దగ్గరే ఉంది.

మమ్మల్ని గుడ్డలో చుట్టి, లక్క వేసి, ఇనుప బీరువాలో పెట్టారు. బీరువా పక్కన టీ తాగే వార్డర్ల మాటల వల్ల కొన్ని సంగతులు తెలిసేవి. మరిడయ్య నాలుగో బ్యారక్ వైపు వెళ్ళడం మానేశాడట. అక్కడ కొళాయి కారితే ఇంకెవరినో పంపించేవాడట. ఏ మెమో లేకుండా, పూలదండతో, శాలువాతో రిటైరయ్యాడట. లోవరాజు ఇంకో నాలుగేళ్ళకి విడుదలై ఇంటికి వెళ్ళాడట.

తరవాత వచ్చిన ఒక సూపరింటెండెంటుకి మ్యూజియం పెట్టాలని బుద్ధి పుట్టింది. గేటు పక్క గదిలో అద్దాల పెట్టెలు అమర్చి, పాత సంకెళ్ళు, పాత రిజిస్టర్లు పెట్టించాడు. ఏడాదికోసారి మూడు రోజులు జనాన్ని రానిస్తారు. నన్ను ఎర్ర వెల్వెట్ గుడ్డ మీద పడుకోబెట్టి పక్కన చీటీ అంటించారు. "ఖైదీ లోవరాజు పారిపోవడానికి ట్యాంకుపై దాచిన ఆయుధం." జనం వచ్చి, అబ్బో అని, నాతో ఫొటోలు దిగి పోతుంటారు. నీళ్ళ పైపు బిగించేదాన్ని ఆయుధమని చూస్తుంటే, వెల్వెట్టు కింద దూరిపోవాలనిపిస్తుంది.

మొదటి ఏడాది మరిడయ్య వచ్చాడు. చేతికర్ర వచ్చింది, జుట్టంతా నెరిసింది. చీటీ చదివి, చాలాసేపు నిలబడి, వెళ్ళిపోయాడు. రెండో ఏడూ అంతే. కాపలా వార్డరు, "ఏం తాతా, ఇదంత బాగుందా?" అంటే, "అక్షరాలు సరిగ్గా కనబడ్డం లేదు బాబూ," అన్నాడు.

మూడో ఏడు ఆయన అలా నిలబడి ఉండగానే లోవరాజు వచ్చాడు. భార్యని చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు. నూకరత్నం కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ ఎటూ చూడడం లేదు. లోవరాజు మరిడయ్యని చూశాడు. నా ముందు ఆగాడు.

"ఏటుంది ఇక్కడ?" అంది ఆమె.

"మా పానా. నేను పని నేర్చుకున్నది దీనితోనే."

"చీటీ మీద ఏం రాశారు?"

లోవరాజు చీటీ చదివాడు. నేను చూస్తూనే ఉన్నాను, ఆఖరి అక్షరం దాకా చదివాడు. "ప్లంబరు మరిడయ్యా, లోవరాజూ వాడిన పానా అని రాశారు," అన్నాడు.

"పోన్లే, నీ పేరు వేశారు," అందామె.

మరిడయ్య చేతికర్ర నేలకి తగిలి టక్కుమంది. "కాదమ్మా," అన్నాడు. అద్దానికి దగ్గరగా జరిగాడు. "అది కాదు రాసింది." ఉన్నది ఉన్నట్టు పైకి చదివాడు. ఆయుధం అన్న మాట దగ్గర ఆగి, పూర్తి చేశాడు. తరవాత చీటీలో లేనిదీ చెప్పాడు. మూత కింద పెట్టింది తనేనని, మరిచింది తనేనని, ముసలి పానాని తగిలించింది తనేనని, సంచిలో ఉందని తను అన్న మాట గుర్తుండే గుర్తులేదన్నాడని. వార్డరు కూడా విన్నాడు. గదిలో ఉన్న నలుగురైదుగురు విన్నారు.

నూకరత్నం గొంతు వచ్చిన వైపు తల తిప్పింది. ఆయన మొహానికి కాస్త పక్కగా తిరిగింది.

"తెలుసండి మావయ్యగారూ. ఆ నెల ములాఖత్‌లోనే ఈయన చెప్పాడు. పెద్దమనిషి, రేపో మాపో తనే చెబుతాడులే అన్నాడు." మళ్ళీ అంది, "నాకు కళ్ళున్నప్పుడు చెప్పుంటే బాగుండేదండి."

లోవరాజు ఆమె చెయ్యి పట్టుకుని బయటికి నడిపించాడు. మరిడయ్య వార్డరు దగ్గరికెళ్ళి, చీటీ మార్చాలి, నేను రాసిస్తాను, సంతకం పెడతాను అన్నాడు. వార్డరు మంచివాడే. ఒక తెల్లకాగితం ఇచ్చాడు. పెద్దాయన గోడకి ఆనించి నిలబడే రాశాడు.

ఆ కాగితం పైఆఫీసుకి వెళ్ళిందట. ఇంకా తిరిగి రాలేదు. నా పక్కన పాత చీటీయే ఉంది.