మూడో వెలుతురు

ఎడ్వర్డ్ ఫొటో స్టూడియోలో కూర్చున్నంతసేపూ సారవ్వ చూపు వాకిలి మీదే ఉంది. కూతురి స్కూటీ రోడ్డుకు మరీ దగ్గరగా పెట్టి ఉంది. షేర్ ఆటోలు దాన్ని రాసుకుంటూ పోతున్నాయి. ఎవడో ఒకడు గుద్దుతాడని ఆమెకు నమ్మకం. గుద్దితే స్కూటీ పోతుందని కాదు, ఆ గుద్దేదేదో కూతురు దాని మీద ఉన్నప్పుడు గుద్దితేనో అని.

దీపకు మాత్రం గాజు బల్ల మీద పరిచిన సామాను తప్ప ఇంకేమీ పట్టలేదు. ఇరవై మూడేళ్ల పిల్ల. పొద్దున జిరాక్స్ సెంటర్‌లో పని, మిగతా వేళ ఎవరి కారు కనబడితే దాని చుట్టూ తిరిగి ఫొటోలు తీయడం. హైదరాబాదులో పాత కార్లు అమ్మే కంపెనీ ఒకటి ఈ వైపు జిల్లాలకు ఫొటోలు తీసే మనిషిని వెతుకుతోంది. దీప పంపినవి వాళ్లకు నచ్చాయి. నచ్చి, ఒక పరీక్ష పెట్టారు. ఒకే కారును మూడు వెలుతుర్లలో తీసి శనివారం రాత్రిలోగా పంపాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఒకటి, నీడలో ఒకటి, పొద్దు గూకినాక హెడ్‌లైట్లు వేసి రోడ్డు పక్కన ఒకటి.

ఆ మూడోదాని పేరు విన్నప్పటి నుంచి సారవ్వకు అన్నం సహించడం లేదు. మరిది సదయ్య పోయింది అదే వేళకు. వెలుగూ చీకటీ కాని వేళ, బొగ్గు టిప్పర్ వాడికి మనిషి కనబడలేదట. గుడ్డలో చుట్టి తెచ్చారు.

"నా మాటిని పెద్ద ఫ్లాష్ తీస్కపో బిడ్డా," అన్నాడు ఎడ్వర్డ్. "పెండ్లిల వెయ్యిమందిని పట్టపగలు లెక్క చూపిస్తది. కారెంత?"

"మనుషులు వేరు, కారు వేరు మామా. కారంటె అద్దం. దాని ముంగట ఏది పెడితె అది కనబడ్తది. ఫ్లాష్ కొడితె డోరు మీద తెల్లమచ్చ పడ్తది, గంతే."

"మరి నా పెండ్లిపిల్లలకు ఎందుకు పడ్తలేదు?"

"వాళ్లు పౌడర్ కొట్టుకుంటరు. గట్టయ్య పెద్దబాపు కారుకు పౌడర్ కొడ్తనంటె ఊకోడు."

ఎడ్వర్డ్ నవ్వి ఫ్లాష్ పక్కకు జరిపాడు. దీప ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూసింది. ఎండకు ఒక ఫిల్టర్, అది తిప్పితే అద్దాల మీది మెరుపు చచ్చిపోతుందట. దగ్గర నుంచి తీస్తే కారు ముక్కు వాచినట్టు పడుతుందని దూరం నుంచి తీసే లెన్స్ ఒకటి. నీడలో వెలుతురు మళ్లించడానికి ఇంట్లో తెల్ల దుప్పటి చాలంది. చివరికి మూలన ఉన్న మూడు కాళ్ల స్టాండును పట్టుకుని ఊపి చూసింది. అది కదల్లేదు.

"సాయంత్రానికి ఇదే ప్రాణం మామా. కెమెరా దీని మీద పెట్టి, దాని కన్ను మెల్లగ తెరిచి మెల్లగ మూస్తె ఆకాశం రంగు, బండి రంగు రెండూ వస్తయి. ఎంత దూరంకెల్లయిన తీయొచ్చు. చేత్తోని పట్టుకుంటె వణికిపోతది."

"స్టాండు, ఫ్లాష్ రెండిట్ల ఒక్కటే ఇస్త. శనివారం సాయంత్రం నర్సింగం అన్న రిటైర్మెంట్ ఫంక్షన్. నాకు ఏదన్న ఒకటి ఉండాలె."

"స్టాండే," అంది దీప, ఆలోచించకుండా.

శనివారం పొద్దున దీప జిరాక్స్ సెంటర్‌కు పోతూ, సామాను తెచ్చి పెట్టమని తల్లికి చెప్పింది. సారవ్వ ఆటో ఎక్కి వెళ్లింది. ఎడ్వర్డ్ లెన్సూ ఫిల్టరూ సంచిలో పెట్టి, స్టాండు తీసి గోడకు ఆనించాడు. సారవ్వ దాని మూడు కాళ్లను చూసింది. మెల్లగ తెరిచి మెల్లగ మూయాలట. అంతసేపూ పిల్ల ఆ మసక వెలుతుర్లో, టిప్పర్లు తిరిగే రోడ్డు మీద, స్టాండు పక్కన స్టాండులా నిలబడాలన్నమాట.

"తమ్మీ," అంది, "గా పెద్ద లైటుతోనైతె ఎంతసేపు పడ్తది?"

"రెప్పపాటక్కా. టక్కుమంటది, అయిపోతది."

ముప్పై ఏళ్లుగా బొగ్గుబాయిలో పనిచేసే మనిషి పెళ్లాం ఆమె. నెత్తి మీద దీపం ఉన్నంతసేపూ మనిషి ఉన్నట్టు లెక్క అని, పెళ్లయిన కొత్తలో అత్త చెప్పిన మాట ఆమె మనసులో మేకులా దిగి ఉంది. వెలుగు ఎంత పెద్దదైతే అంత క్షేమం. పిల్ల దగ్గర లైటు భళ్లున వెలిగితే లారీవాడికి ఆమడ దూరం నుంచి కనబడదా.

"మా దీప మనసు మార్చుకున్నది. లైటే ఇమ్మన్నది."

"నేను చెప్పలే? ముందే ఇనాలె," అన్నాడు ఎడ్వర్డ్, సంతోషంగా.

మధ్యాహ్నం దీప ఇంటికొచ్చి సంచి విప్పింది. ఫ్లాష్ చూసి తల్లి ముఖం చూసింది.

"స్టాండేది?"

"ఎవరో మంచిర్యాల తీస్కపోయిండ్రట బిడ్డా. ఈ లైటే ఇచ్చిండు."

దీప కింది పెదవి కొరుక్కుంది. "ఇక్కడెక్కడన్న ఉంటె ఉరికి తెచ్చుకుందు," అని, సంచి భుజాన వేసుకుని గట్టయ్య ఇంటికి బయల్దేరింది.

దీప పెదనాన్న గట్టయ్య రెండేళ్ల కిందట రిటైరయిన రోజే నల్ల కారు కొన్నాడు. ఈ బొగ్గుగనుల ఊళ్లో నల్ల కారు కొన్నవాడు రోజూ రెండు సార్లు తుడవాలి, అయినా మసి పోదు. దీప దాన్ని తుడవనివ్వలేదు, బక్కెట్లు బక్కెట్లు నీళ్లు పోసి కడిగింది. "పొడిగుడ్డతోని తుడిచి తుడిచి గీతలు తెచ్చినవు పెద్దబాపు," అంటే, "నేను నీ పెద్దమ్మను గూడ గంత ప్రేమగ చూసుకోలే," అన్నాడాయన. ఎండలో ఫిల్టర్ తిప్పుతూ తీసినవి, రేకుల షెడ్డు కింద దుప్పటి పట్టి తీసినవి చక్కగా వచ్చాయి. దుప్పటి పట్టింది సారవ్వే. కెమెరా వెనక తెరలో చూపిస్తే, అది గట్టయ్య కారని ఆమె నమ్మలేకపోయింది. ఒక్క నిమిషం పాటు భయం మరిచిపోయింది కూడా.

సాయంత్రం కాలనీ వెనక గోదావరికి పోయే రోడ్డు పక్కన కారు నిలిపారు. రోడ్డుకు ఇవతల కూలిన ప్రహరీ, దాని లోపల ఖాళీ జాగా. పొద్దు గూకింది. ఆకాశం ఒక వైపు నారింజ, ఒక వైపు నీలం. గట్టయ్య లైట్లు వేశాడు. దీప ప్రహరీ లోపలే నిలబడి ఒకటి తీసింది. తెర చూసుకుంది. తల అడ్డంగా ఊపింది.

"ఈడికెల్లి ఫ్లాష్ అందుతలేదు," అంటూ గోడ దాటి రోడ్డంచుకు వచ్చింది. ఇంకొకటి తీసింది. ఇంకా ముందుకొచ్చి తారు మీద నిలబడింది.

సారవ్వ గోడ దాకా పరుగెత్తింది. "ఎనుకకు రా బిడ్డా. ఎనుకకు రా."

"దగ్గరికి రాకుంటె వెలుగు పడదమ్మా."

ఫ్లాష్ భళ్లున వెలిగింది. ఆ వెలుగులో సారవ్వకు గాలి కనబడింది. ఓపెన్ కాస్ట్ గని మీదుగా వచ్చి రోజంతా ఇళ్లల్లో, అన్నంలో, ఊపిరిలో పడే బొగ్గు పొడి అంతా ఒక్క క్షణం తెల్లగా మెరిసి మాయమైంది. ఒక టిప్పర్ దీప వీపు వెనక నుంచి హారన్ కొడుతూ పోయింది. దాని గాలికి పిల్ల చున్నీ లేచి పడింది. సారవ్వ పమిట నోట్లో కుక్కుకుంది. టిప్పర్ లేపిన దుమ్ములో మళ్లీ ఫ్లాష్.

దీప తెర చూపించింది. నల్ల కారు మీద, ఆకాశం మీద, అంతటా తెల్ల చుక్కలు. డోరు మధ్య పెద్ద తెల్లమచ్చ. గట్టయ్య పొడిగుడ్డ గీతలన్నీ సాలెగూడులా లేచి కనబడుతున్నాయి.

"మంచిగనే ఉన్నది గద. ముగ్గు చుక్కల లెక్క," అంది సారవ్వ. తన గొంతు తనకే అబద్ధంగా వినబడింది.

దీప ఫ్లాష్ పీకేసి, చేత్తో పట్టుకుని తీసింది. కారు అలికినట్టు వచ్చింది. కెమెరా పెట్టడానికి గట్టయ్య నాలుగు ఇటుకలు పేర్చాడు. అవి కదిలాయి. నారింజ రంగు ఇంకా కొంచెం మిగిలి ఉంది.

అప్పుడు వినబడింది బ్యాండు. కాలనీ ఫంక్షన్ హాల్లో నర్సింగాన్ని దండలతో లోపలికి తీసుకుపోతున్నారు. ఆ హాల్లో ఎడ్వర్డ్ ఉన్నాడు, స్టాండు ఉంది. స్కూటీ మీద పోయి రావడానికి ఐదు నిమిషాలు. చెబితే సరిపోతుంది. సారవ్వ నోరు తెరిచింది. చెబితే ఆ అబద్ధం ఎందుకు ఆడానో కూడా చెప్పాలి. రోడ్డు మీద ఇంకో టిప్పర్ లైట్లు కనబడ్డాయి.

"చీకటైతున్నది, ఇంటికి పోదాం," అంది.

ఆకాశం నల్లబడే దాకా దీప అక్కడే నిలబడింది.

సోమవారం జవాబు వచ్చింది. మొదటి రెండు ఫొటోలు చాలా బాగున్నాయట. కార్లు చూపించడానికి జనం తెచ్చేది సాయంత్రాలేనట, ఆ వెలుతురు చేతకాని మనిషితో పని నడవదట. దీప ఫోను తండ్రి లింగమూర్తికి చూపించింది. ఫస్ట్ షిఫ్టు దిగి అన్నం ముందు కూర్చున్న ఆయన చదివి, "పోతె పోయిందిలే," అని ఫోను తిరిగిచ్చాడు.

ఫ్లాష్ ఇచ్చి రావడానికి పోయిన దీప తిరిగి వచ్చేసరికి సారవ్వ కిటికీ చువ్వలు తుడుస్తోంది. పిల్ల చెప్పు విప్పిన తీరులోనే ఆమెకు తెలిసిపోయింది.

"స్టాండు నేనే వద్దన్ననట, ఎడ్వర్డ్ మామ చెప్పిండు."

సారవ్వ గుడ్డను రెండు చేతులా పట్టుకుంది. "మీ చిన్నాయిన సదయ్య..."

"ఎరుకే. చిన్నప్పటి సంది ఎరుకే." దీప గొంతు పెంచలేదు. "స్టాండుంటె గోడ లోపటనే నిలబడుదు అమ్మా. దూరంకెల్లి తీసే లెన్స్ గూడ ఉండె. స్టూడియోల అదే చెప్పిన, నువ్వు వాకిలి దిక్కు చూసుకుంట కూసున్నవు. రోడ్డు మీదికి నన్ను తెచ్చింది ఆ లైటే."

సారవ్వకు తారు మీద నిలబడ్డ పిల్ల, వీపు వెనక టిప్పర్, లేచి పడిన చున్నీ కళ్లకు కట్టాయి. దీప అప్పటికే లోపలికి పోయింది. ఏడుపు వినబడుతుందేమోనని సారవ్వ చెవి రిక్కించింది. పంకా చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

రెండు నెలల తర్వాత దీప జిరాక్స్ సెంటర్ మానేసింది. పెద్దపల్లిలోనో కరీంనగర్‌లోనో కార్ల కన్సల్టెన్సీ ఒకటి ఫొటోలకు పిలుస్తోందని గట్టయ్య చెబితే సారవ్వకు తెలిసింది. దీప సొంతంగా స్టాండు కొనుక్కుంది, అది స్కూటీకి కట్టి ఉండగా సారవ్వ చూసింది. మునుపు ఆ పిల్ల గేటు దాటితే ఎక్కడికి, ఎవరితో, ఎన్నింటికి వస్తానన్నది పూసగుచ్చినట్టు చెప్పి పోయేది. దారిలో రెండు సార్లు ఫోను చేసేది. లింగమూర్తి ముప్పై ఏళ్లలో ఒక్కనాడూ భూమి కింద ఏం జరిగిందో చెప్పలేదు. అడిగితే, డ్యూటీ అయింది, అంటాడు. ఇంట్లో చెప్పే మనిషి దీప ఒక్కతే.

పొద్దు గూకే వేళకు సారవ్వ ఫోను చేసింది. చాలాసేపు మోగాక ఎత్తింది. అవతల లారీల చప్పుడు.

"ఏడున్నవు బిడ్డా?"

"డ్యూటీల ఉన్న," అంది దీప, పెట్టేసింది.