నేల మీంచి లేచే తెర

రౌదా దుప్పటి మీద నీళ్ళు చిలకరించి మళ్ళీ ఇస్త్రీపెట్టె తోసింది. నట్టనడుమ ఉన్న ఒక మడత ఎంతకీ పోవడం లేదు. అది పక్క మీద పరిచే దుప్పటి కాదు. భర్త నౌఫల్ కొనేవాళ్ళను కూర్చోబెట్టి ప్రొజెక్టర్‌లో నమూనాల బొమ్మలు చూపించేటప్పుడు గోడకు తగిలించే తెల్ల దుప్పటి. కిందటి సమావేశంలో ఆ మడత సరిగ్గా బొమ్మ మధ్యలో పడిందట. “ఆ హోటలాయన నా మాట వినకుండా మడతకేసే చూస్తూ కూర్చున్నాడు. ఇంత చిన్న పని కూడా శ్రద్ధగా చెయ్యకపోతే ఎలా?” అన్నాడు పొద్దున కాఫీ తాగుతూ. అరిచి అనలేదు. నౌఫల్ ఎప్పుడూ అరవడు. కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినంత మామూలుగా చెబుతాడు. అందుకే ఆ మాటలకు ఎదురు చెప్పే వీలు దొరకదు. పదమూడేళ్ళుగా అవి ఆమె లోపల ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ వచ్చాయి.

ట్యునీషియాలోని స్ఫాక్స్ ఊళ్ళో, రేవుకు వెళ్ళే దారిలో వాళ్ళ కార్ఖానా. దుకాణాల ముందు, కాఫీ హోటళ్ళ ముందు దించుకునే ఎండ పరదాలు తయారుచేస్తారు. ఏ పరదా ఎంత పొడవుండాలి, గాలికి ఎక్కడ చిరుగుతుంది, స్ప్రింగు ఎంత బిగించాలి అన్నీ లెక్కగట్టి గీసి ఇచ్చేది రౌదా. రాజధాని టూనిస్‌లో డిజైన్ చదివి, తరగతిలో అందరికంటే ముందు నిలిచిన మనిషి. పెళ్ళయ్యాక కార్ఖానాలో ఆమెకొక బల్ల వేశారు గాని ఉద్యోగుల జాబితాలో పేరు చేర్చలేదు. “నువ్వు ఇంటిమనిషివి. పనివాళ్ళ వరసలో నీ పేరేంటి?” అన్నాడు నౌఫల్. అది గౌరవమే కాబోలని ఆమె అప్పట్లో నిజంగానే నమ్మింది.

ఆ వారమే ఫాతెన్ కార్ఖానాకు వచ్చింది. నర్సులకు శిక్షణ ఇచ్చే ఒక సంస్థలో పని ఆమెది. ఊరూరా తిరిగి, ప్రొజెక్టర్‌లో బొమ్మలు చూపిస్తూ కాన్పుల గురించి పాఠాలు చెబుతుంది. ఆఫీసు కిటికీలకు నల్ల పరదాలు కావాలని వచ్చి, గోడకు వేలాడుతున్న దుప్పటి చూసి నవ్వింది. “మీకూ ఇదే గతా? నేనూ దుప్పట్లే మోస్తున్నాను. ఆ ఆరోగ్య కేంద్రాల గోడలకు మేకు దిగదు, పెచ్చులూడతాయి. మొన్నొక చోట పాఠం అయ్యేదాకా ఇద్దరు నర్సులు చెరో కొసా పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళిద్దరూ ఒక్క బొమ్మా చూడలేదు పాపం.” బజారులో దొరికే తెరలు కొనవచ్చు గదా అంటే, వాటిని తల కంటే పైకి ఎత్తి కొక్కేనికి తగిలించాలని, తన కుడి భుజం బిగుసుకుపోయి చెయ్యి చెవి దాకా కూడా లేవదని చెప్పింది. రౌదా ఆమె మణికట్టు పట్టుకుని మెల్లగా పైకెత్తింది. ఎక్కడ నొప్పి మొదలైందో అక్కడ ఆపి టేపుతో నేల నుంచి కొలిచింది. ఎందుకు కొలిచిందో అప్పటికి తనకే తెలియదు.

ఆ కొలతలోంచే తెర పుట్టింది. పై నుంచి దించేది కాదు, నేల మీద పెట్టిన పెట్టెలోంచి పైకి లేచేది. గుడ్డ ఆ పెట్టెలోనే చుట్టుకుని ఉంటుంది. తీసుకువెళ్ళే పెట్టే దానికి పీఠం. నడుమెత్తు దాకా చేత్తో లాగితే చాలు, ఆ పైన వెనక గొట్టంలో ఉన్న స్ప్రింగు తానే లేపాలి. కాగితం మీద రెండు రోజుల్లో అయిపోయింది. నిజంగా నిలబడడానికి ఎనిమిది నెలలు పట్టింది. స్ప్రింగు బిగువైతే తెర మొత్తం ముందుకు తూలేది. వదులైతే గుడ్డ మధ్యలో వేలాడేది. అంచులు ఎండిన నిమ్మతొక్కలాగా వంకర తిరిగేవి. సన్నటి గొట్టానికి చుడితే గుడ్డ మీద గీతలు పడేవి, లావు గొట్టం పెడితే బరువు పెరిగేది. మొదటిది పదకొండు కిలోలు తూగింది. అంత బరువు ఫాతెన్ ఏ మెట్లెక్కి మోస్తుంది? మళ్ళీ మొదలు. కూతురు బడికి వెళ్ళాక, అత్తగారికి మందులిచ్చే వేళకు ముందు, పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతున్నంతసేపు, కార్ఖానాలో మిగతావాళ్ళు భోజనానికి లేచినప్పుడు, ఇలా ముక్కలు ముక్కలుగా దొరికిన కాలంలో ఆమె దాన్ని కట్టుకుంటూ వచ్చింది. ఒక్కరోజు కూడా వరసగా రెండు గంటలు దొరికిన గుర్తు లేదు. సోఫాలో కూర్చుని చూస్తూ అత్తగారు లల్లా జొహ్రా, “గుడ్డ చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం. ఆడుకునే వయసా అమ్మాయీ నీది? నీ కూతురు చూస్తే నవ్వుతుంది” అనేది.

ఒక బుధవారం మధ్యాహ్నం తెర లేచింది. ఒక్క ముడత లేకుండా, తూలకుండా, ముందుగదిలో తెల్లగా నిలబడింది. ఆరు కిలోలకు లోపే. రౌదాకు ఎవరినైనా పిలిచి చూపించాలనిపించింది. అత్తగారు నిద్రపోతోంది. కాసేపు దాని ముందే నేల మీద కూర్చుని, తర్వాత లేచి గిన్నెలు కడిగింది.

నౌఫల్ సంతోషించలేదని కాదు. చిన్నపిల్లాడిలా పదిసార్లు లేపి దించాడు. “ఇన్నాళ్ళూ చెప్పనేలేదే” అన్నాడు. నిజానికి చాలాసార్లే చెప్పింది. అతను విన్నవారికి “మేం చేశాం” అని చెప్పాడు మొదట్లో. నెల తిరిగేసరికి అది “నేను చేశాను” అయింది. ఎప్పుడు మారిందో రౌదా పట్టుకోలేకపోయింది. ఫాతెన్ వాళ్ళ సంస్థ తమ కేంద్రాలన్నిటికీ ఈ తెరలే కావాలనేసరికి, డిజైన్‌ను టూనిస్‌లో నమోదు చేయించాలన్నాడు. దరఖాస్తు తానే నింపి బల్ల మీద పెట్టాడు. రూపకర్త అన్నచోట అతని పేరుంది, కింద అతని సంతకం ఉంది.

ఆమె ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. “ఇక్కడ నా పేరు రావాలి కదా” అంది.

“నీదైతే ఏంటి, నాదైతే ఏంటి? మనం వేరువేరా?” అన్నాడు నౌఫల్ ఫోను చూసుకుంటూ.

“వేరు కానప్పుడు నాదే రాయి.”

అతను తలెత్తి విసుక్కోకుండానే చూశాడు. కార్ఖానా పేరు, అతని పేరు ఒకటిగా ఉంటే కొనేవాళ్ళకు గురి కుదురుతుందని, ఇందులో పట్టింపు ఏముందని అన్నాడు. పక్క గదిలోంచి లల్లా జొహ్రా, “వాడి పేరు మీదనే కదమ్మా నువ్వు బతికేది” అంది. ఆ మాటతో అది ముగిసినట్టయింది. మర్నాడు నౌఫల్‌కు పనుండటంతో, ఆ కాగితాలు పట్టుకుని టూనిస్ రైలెక్కింది కూడా రౌదానే.

నమోదు కార్యాలయంలో ఉన్నామె బొమ్మలన్నీ తిరగేసి, వెనక స్ప్రింగు ఎలా ఆగుతుందో అర్థం కాలేదంది. రౌదా వివరంగా చెప్పింది. ఆమె తలూపి, “మీరు…?” అంది. “భార్యని” అంది రౌదా. ఆమె ముద్ర కొట్టింది. తిరుగు రైల్లో కిటికీ పక్కన ఆలివ్ తోటలు గంటల తరబడి వరసలు వరసలుగా వెనక్కి పోయాయి. ఏడుపు రాలేదు. తన నోటితోనే తన పేరు కొట్టేసి వచ్చానన్న సంగతి మాత్రం స్ఫాక్స్ చేరేదాకా లోపల తిరుగుతూనే ఉంది.

నెల తర్వాత సంస్థ డైరెక్టర్, ఫాతెన్, మరో ఇద్దరు కార్ఖానాకు వచ్చారు. తెరను కారులోంచి మోసి తెచ్చింది రౌదా. నౌఫల్‌కు నడుం నొప్పి. కాఫీ తెచ్చి ఇచ్చింది కూడా ఆమే. నౌఫల్ తెర లేపి చూపిస్తూ, ఈ ఆలోచన తనకెలా వచ్చిందో చెప్పాడు. ఫాతెన్ కప్పు చేతిలో పట్టుకుని రౌదా వైపు చూసింది. “నౌఫల్ గారూ, ఇది కింది నుంచే ఎందుకు లేస్తుంది?” అని అడిగింది నెమ్మదిగా. “కొత్తగా కనిపిస్తుందని” అన్నాడు అతను. ఫాతెన్ చెయ్యి తన కుడి భుజం మీదికి వెళ్ళింది.

డైరెక్టర్‌కు తెర నచ్చింది. అయితే పెద్ద హాళ్ళకు రెండున్నర మీటర్ల వెడల్పుది కూడా కావాలని, అది ఇలాగే నిలబడుతుందా అని అడిగాడు. నిలబడదని రౌదాకు తెలుసు. అంత వెడల్పులో గుడ్డ చుట్టే లోపలి గొట్టం నడుమ కుంగుతుంది, గుడ్డ మీద ఏటవాలు ముడతలు పడతాయి. వెనక ఒక గొట్టం చాలదు, రెండు కావాలి. ఆ బొమ్మ గీసి కూడా పెట్టుకుంది. నౌఫల్ ఎప్పటిలాగే ఆమె వైపు తిరిగి, “చెప్పు రౌదా” అన్నాడు.

ఆమె ఖాళీ కప్పులు పళ్ళెంలోకి తీస్తోంది. ఎనిమిది నెలల పని నాలుక చివర ఉంది. ఒక్క నిమిషం చెబితే చాలు, డైరెక్టర్ సంతకం పెట్టి వెళ్తాడు.

“గీసింది ఆయనండీ. ఆయన్నే అడగండి” అంది, పళ్ళెం ఎత్తుకుంటూ.

నౌఫల్ ఏదో మొదలుపెట్టి, మధ్యలో వెతుక్కుని, స్ప్రింగు మార్చితే సరిపోతుందన్నాడు. డైరెక్టర్ పక్కనున్న ఇంజినీరు మరో ప్రశ్న వేశాడు. నౌఫల్ గొట్టం వైపు ఒకసారి, రౌదా వైపు ఒకసారి చూశాడు. తేల్చుకున్నాక కబురు చెయ్యమని వాళ్ళు లేచారు. ఫాతెన్ వెళ్ళేముందు రౌదా చేతిని ఒకసారి నొక్కి వదిలింది.

కారు ఇంటి సందు తిరిగేటప్పుడు నౌఫల్, “నలుగురిలో నా పరువు తీశావు” అన్నాడు. గొంతు అప్పుడూ లేవలేదు.

“నువ్వు చెప్పిందే నేనూ చెప్పాను.”

“సరే, అయిందేదో అయింది. రేపు కూర్చుని ఆ పెద్దది ఎలా చెయ్యాలో చూడు.”

“ముందు టూనిస్ వెళ్ళి ఆ కాగితం మార్చు. తర్వాత చూస్తాను.”

అతను కారు ఆపాడు గాని దిగలేదు. అతను వెళ్ళకపోవచ్చు. ఆ తెర ఏ హాల్లోనూ ఎన్నటికీ లేవకపోవచ్చు, ఫాతెన్ మళ్ళీ దుప్పట్లే మోయవచ్చు. అదంతా రౌదాకు తెలుసు. తెలిసే అంది.