సూదులతో గేటు దాకా

ఉమాపతి రిటైరయ్యాడు గానీ ఆయన కడుపు రిటైరవలేదు. నాచారం ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లపాటు పన్నెండింటి సైరన్ కూయగానే లేచి, చేతులు కడుక్కుని, క్యారియర్ విప్పిన మనిషి. ఇప్పుడేమో అనంతలక్ష్మి వంటిల్లు తొందరగా సర్దేసుకోవాలని పదింటికే వడ్డించేస్తోంది. తిన్నది గొంతు దాకా వచ్చి నిలబడుతోంది. నిద్ర లేదు. సోమవారం నోట్లోంచి గొట్టం దించి చూస్తానన్నాడు పెద్ద డాక్టరు. ఆ గొట్టం తలుచుకుంటే ఉన్న కాస్త ఆకలీ పోయేది.

అందుకే శనివారం భార్యతో ఉప్పల్ నుంచి బస్సెక్కి, ఫ్యాక్టరీ వెనక వీధిలో ఆక్యుపంక్చర్ చేసే కనకమహాలక్ష్మి దగ్గరికి వచ్చాడు.

"శరీరానికో గడియారం ఉంటుందండీ. కడుపు వేళ పొద్దున ఏడు నుంచి తొమ్మిది. దాన్ని గౌరవించాలి," అందావిడ.

"నన్నే గౌరవించరు, గడియారాన్నేం గౌరవిస్తారు!" అంది అనంతలక్ష్మి.

డాక్టరమ్మ ఆయన ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి, కాళ్లకీ చేతులకీ సూదులు గుచ్చింది. నడినెత్తిన ఒకటి. "కదలకండి," అని పక్క గదిలోకి వెళ్లింది. నొప్పేం లేదు. పైన ఫ్యాను చల్లగా తిరుగుతోంది. ఎన్నాళ్లకో కళ్లు మూతపడ్డాయి.

అప్పుడు సైరన్ కూసింది.

ఉమాపతి లేచాడు. బల్ల మీద కునుకుతున్న భార్యను దాటి, వీధి దాటి, తిన్నగా ఫ్యాక్టరీ గేటు దగ్గరికొచ్చాడు. అక్కడ వాచ్‌మన్ ఆగయ్య టిఫిన్ విప్పుకుంటున్నాడు.

"ఏంది సార్, నెత్తి మీద ఏరియల్ పెట్టుకొచ్చిన్రు? ఏ స్టేషన్ దొరుకుతున్నది?"

ఉమాపతి తల తడుముకున్నాడు. "నేను రిటైరయ్యాను కదూ, ఆగయ్యా?"

"అయిన్రు సార్. దండ నేనే తెచ్చిన. కూసోన్రి జర. బువ్వ యాళ్లకొచ్చినోన్ని గట్లనే పంపుతనా?"

జొన్నరొట్టె తుంచి పుంటికూర, అదే గోంగూర, అద్ది ఇచ్చాడు. సూదులున్న చెయ్యి ముడుచుకోలేదు. ఆగయ్య ముక్క తనే నోట్లో పెట్టాడు.

ఇంతలో డాక్టరమ్మా అనంతలక్ష్మీ పరుగున వచ్చారు. "మజ్జిగన్నమే అరగని మనిషికి పుంటికూరా!" అని అనంతలక్ష్మి తల పట్టుకుంది. అందరూ ఆయన గొంతు వైపే చూస్తూ నిలబడ్డారు. ఒక త్రేన్పు వచ్చింది. దాని వెనక ఇంకేమీ రాలేదు.

"ఇంకో ముక్క ఉందా?" అన్నాడు ఉమాపతి.

డాక్టరమ్మ అక్కడే సూదులు తీస్తూ నిట్టూర్చింది. "మీ కడుపుది ఫ్యాక్టరీ టైము. ప్రస్తుతానికి దాని మాటే వినండి."

మర్నాడు ఆదివారం, ఫ్యాక్టరీకి సెలవు. పన్నెండయింది. ఉమాపతి కుర్చీలో ఎదురుచూస్తున్నాడు. వంటింట్లోంచి అనంతలక్ష్మి గొంతెత్తి పొడుగ్గా కూసింది. పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగిచూశారు. ఉమాపతి లేచి చేతులు కడుక్కున్నాడు.

సోమవారం పెద్ద డాక్టరు పొట్ట నొక్కి చూసి, గొట్టం పక్కన పెట్టాడు. "కొన్నాళ్లు ఆగి చూద్దాం. బాగా తేరుకున్నారే, ఏం వాడారు?"

అనంతలక్ష్మి పమిట సర్దుకుని కిటికీ వైపు చూసింది.