ఎడమ రెప్ప మీది ఎర్రమచ్చ

నేనొక ఫోన్‌ని. చెన్నై పక్కన ఒక ఫ్యాక్టరీలో చేతి తొడుగులు వేసుకున్న ఆడపిల్లలు నన్ను బిగించారు. రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే ఓబులేశు నన్ను కొని మూడేళ్లు జేబులో తిప్పాడు. కరోనా సోకి అంబులెన్సు ఎక్కేటప్పుడు నన్ను భార్య సునంద చేతిలో పెట్టాడు.

వాళ్ల పాప హిమజకు అప్పుడు రెండో నెల. పుట్టినప్పుడు ఎడమ కంటి రెప్ప మీద దోమ కుట్టినంత ఉన్న ఎర్రమచ్చ వారం వారం ఉబ్బుతూ రెప్పను కిందికి లాగుతోంది.

"పుట్టుమచ్చలే మే. అదే పోతాది," అంది అత్త తిప్పమ్మ.

పెద్దాసుపత్రికి పోదామంటే బస్సుల్లేవు. ఆశా కార్యకర్త ఒక నంబరు ఇచ్చింది. కర్నూలు నుంచి చర్మం డాక్టరమ్మ నా తెర మీదికి వచ్చింది.

"కిటికీ దగ్గరికి రామ్మా. మచ్చ పక్కన టేపు పెట్టి ఫోటో తీసి పంపు."

సునంద ప్యాంట్లు కొలిచే టేపు పెట్టింది. డాక్టరమ్మ చాలాసేపు చూసింది.

"ఇది రక్తనాళాల గడ్డ. కన్ను మూసేసిందంటే ఆ కంటికి చూపు రాదు. నోట్లో వేసే చుక్కల మందు రాస్తాను. మొదటిసారి మీ ఊరి ఆసుపత్రిలో పిల్లల డాక్టరు ముందే వేయించు. ఆ తర్వాత ఇంట్లో వేయొచ్చు. పాప పాలు తాగని పూట మాత్రం వేయొద్దు. ప్రతి సోమవారం ఫోటో పంపు."

మందు మొదలైన రెండో సోమవారం నేను మోగాను. ఓబులేశు చనిపోయాడని అవతల ఎవరో చెప్పారు. శవాన్ని ఇంటికి ఇవ్వరట. "సరే సార్," అంది సునంద. తిప్పమ్మ గుండెలు బాదుకుంటోంది. సునంద పాపకు పాలిచ్చింది. చుక్కలు వేసింది. కిటికీ దగ్గరికి వెళ్లి టేపు పెట్టి ఫోటో తీసింది. ఫోటో చక్కగా వచ్చింది.

మనుషులు ఏడిస్తే నా మైకు పట్టేస్తుంది. ఏడవని మనిషి దగ్గర ఏం పట్టాలో నన్ను చేసినవాళ్లు నేర్పలేదు.

ఆ తర్వాత సోమవారాలన్నీ ఒకటే. టేపు, ఫోటో, "పాలు తాగుతోందా?", "తాగుతాంది మేడం." మచ్చ ఎరుపు తగ్గి బూడిదరంగుకు తిరిగింది. రెప్ప లేచింది. హిమజ రెండు కళ్లతోనూ నా వైపు చూడసాగింది.

ఇప్పుడు నేను రిపేరు షాపులో పాత ఫోన్ల డబ్బాలో ఉన్నాను. బ్యాటరీ ఉబ్బిపోయింది. అయినా ఆఖరి కాల్ గుర్తుంది. పాపకు అప్పటికి ఏడాది దాటింది.

"ఇక మందు మెల్లగా ఆపేద్దాం. కన్ను కాపాడుకున్నావమ్మా," అని డాక్టరమ్మ నవ్వింది. "పాప నాన్న ఒక్కసారీ కనబడలేదే? పిలువు, ఆయనకూ చెప్తాను."

"ఆయన లేడు మేడం. పోయినేడు కరోనాలో పోయినాడు."

"అయ్యో... ఇన్ని నెలలు మాట్లాడుకున్నాం, ఒక్కసారైనా చెప్పలేదేమ్మా?"

"మీరు పాప గురించే అడిగినారు గదా మేడం."

తెర మీద డాక్టరమ్మ బొమ్మ కదల్లేదు. నెట్‌వర్క్ పోయిందనుకుని సునంద కాల్ కట్ చేసింది.

నా సిగ్నల్ నిండుగానే ఉంది.