విట్లాక్ దొర సమాధికి సున్నం

అబద్ధం రాయడం నాకు చేతకాదు. అందుకే ఎనభై రెండులో, గాజువాక అవతల ఉన్న మా చిన్న మెథడిస్టు చర్చికి యాభై ఏళ్ళ పండుగ వస్తే, చరిత్ర పుస్తకం రాసే పని పాస్టరు గురునాథరావుగారు నాకే అప్పజెప్పారు. మూడో పేజీకల్లా చేతనయింది.

తప్పు నాది కాదు, చెదలది. పాత రిజిస్టర్లన్నీ అవి చదివేశాయి. సంఘం చరిత్ర పూర్తిగా తెలిసినవి అవే, కానీ నోరు విప్పవు. నోరున్న పెద్దల్ని అడిగితే, మొదటి రాయి పాతిందెవరో తేలలేదు.

"మా తాతే," అన్నాడు పోర్టులో పనిచేసే వరహాలు బాబాయి. "ఒంటి సేత్తో ఎత్తీసినాడు."

"మీ తాతకి అప్పటికి బాప్తీస్మమే అవనేదు కదేటి బావ," అన్నాడు స్టీలుప్లాంటు అబ్బులు మావయ్య. "పాతింది మా తాత."

చలికాలమంతా ఇదే. మా అమ్మమ్మ కాసులమ్మ ఒక్కతే వేరే మాట చెప్పింది.

"రాయెక్కడిదిరా. ఆడోళ్ళు ఎసట్లో పోసీముందు దేవుడికని పిడికెడు బియ్యం తీసేవోరు. మాయమ్మ ఇంటింటికీ తిరిగి అయ్యి పోగేసి అమ్మితే తాటాకు పాక ఏసినారు. ఆ పేరు రాయి, సాలు."

అది రాస్తే తాతల వర్గాలు రెండూ ఏకమై నన్ను సముద్రంలో కలుపుతాయి. విసుగెత్తి ఒక దొరని పుట్టించాను. విట్లాక్ దొర. ఇంగ్లండు సీమనుంచి తెప్ప మీద ఒంటరిగా వచ్చాడు. పొద్దున్న తెలుగు నేర్చుకుని సాయంత్రానికి మనకే తప్పులు దిద్దాడు. మొదటి రాయి పాతాడు. కలరా వచ్చి పోతే యారాడ ఒడ్డున సమాధి చేశారు.

చదివి వినిపించగానే గొడవ ఆగింది. దొర శవపేటికని వరహాలు బాబాయి తాత మోశాడట. అబ్బులు మావయ్య తాతయితే ముందువైపు మోశాడట. చర్చి గోడకి పెట్టే శిలాఫలకం మీద దొర పేరు ఖాయమైంది.

అక్కడితో పోతే బాగుండేది. ఈస్టరుకి మావాళ్ళు సమాధులకి సున్నం వేస్తారు. "దొరకి ఈడెవరున్నారు, మనవే ఎయ్యాల," అన్నాడు అబ్బులు మావయ్య. లారీ కట్టించుకుని సంఘమంతా యారాడ బయల్దేరింది. పాటలకని చర్చి హార్మోనియం కూడా ఎక్కింది.

ఎండలో ఒడ్డంతా తిప్పాను. ప్రతి బండ దగ్గరా ఆగి, ఇది కాదన్నాను. నిజమే చెప్పాను. అమ్మమ్మ సున్నం బకెట్టు దించకుండా నా వెనకే నడుస్తోంది.

"ఇలాగియ్యి అమ్మమ్మా, నాను మోత్తాను."

"వొద్దులే. మాయమ్మకి సమాధీ నేదు, పేరూ నేదు. ఆ దొరకైనా తెల్లగా ఎయ్యనీ."

ఈలోగా పాస్టరుగారు హార్మోనియం దింపించి, మీద పడ్డ ఇసుక కండువాతో తుడుస్తున్నారు. ముందున్న ఇత్తడి రేకు మీద తయారుచేసిన కంపెనీ పేరుంది. చదివారు. మళ్ళీ చదివారు. నావైపు తిరిగారు.

"ఒరే, ఈ విట్లాక్ ఎవడ్రా?"

"హార్మోనియమండి."

"మరి దొర?"

"అలాటోడెవడూ నేడండి. నానే పుట్టించినాను."

"అయితే మీ తాత మోసిందేటి?" అన్నాడు అబ్బులు మావయ్య.

"ముందువైపోడివి, ముందు నువ్వు సెప్పు," అన్నాడు వరహాలు బాబాయి.

"రాయి ఎవరూ పాతనేదండి," అన్నాను. "అమ్మమ్మోళ్ళమ్మ పిడికెడు బియ్యంతో లేసిన చర్చి అది. నాకు తెలుసు. తెలిసే రాయనేదు."

అమ్మమ్మ బకెట్టు నా చేతికిచ్చింది.

"ఇప్పుడు మొయ్యి."