మంచు చామంతులు లేని చోటు

రెండు మూరల చామంతి మాలను తడిగుడ్డలో చుట్టి, సిడ్నీ నుంచి ఆరు గంటలు ఒళ్లో పెట్టుకుని తెచ్చింది శేషుకుమారి. హారిస్ పార్క్‌లో పూలు కొని తన చేత్తో కట్టిన మాల. తీరా కొండ మొదట్లో కారు దిగాక కొడుకు స్నేహితురాలు సృజన మెల్లగా అంది.

"ఆంటీ, ఇవి పైకి తీస్కపోనియ్యరు. బయటి విత్తనాలు పడితే ఈడి మొక్కలకు డేంజర్. పార్క్ రూల్."

"నా కొడుకుకి పూలు పెట్టుకోడానికి కూడా రూల్సేనా? పోనీ, అక్కడున్నవే రెండు కోసి పెడతాను."

"అవి కూడ కొయ్యొద్దు ఆంటీ."

శేషుకుమారికి ఒళ్లు మండింది. సృజన మాత్రం, మట్టితో విత్తనాలు పైకి పోకుండా పార్క్ బోర్డు పక్కన పెట్టిన బ్రష్ తీసుకుని, వంగి ఆమె బూట్లకంటిన మట్టి రుద్దసాగింది. ఆ వంగిన తల చూస్తే ఎవరికైనా జాలి వేస్తుంది. ఆమెకు వేయలేదు. గంగాలిన్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఆదివారం మధ్యాహ్నం దాకా ముసుగుతన్ని పడుకునే వంశీధర్‌కి కొండల పిచ్చి పట్టించింది ఈ పిల్లే. నవంబరులో వాడు తడిబండ మీద కాలు జారి పడి ప్రాణం పోయిన రోజున పక్కనున్నదీ ఈ పిల్లే. తను మాత్రం నిక్షేపంగా తిరిగొచ్చింది. వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్లుగా నర్సుగా చేస్తూ ఎందరు తల్లులకో ధైర్యం చెప్పిన శేషుకుమారికి ఆ ఒక్కటే మింగుడుపడటం లేదు.

మాల కారు సీట్లోనే ఉండిపోయింది.

గంట నడిచాక వాలు మొత్తం తెల్లబడింది. వెండి రంగు ఆకుల మధ్య తెల్లటి రేకులు, పసుపు బొడ్డు. వంశీ వీటికి మంచు చామంతులని పేరు పెట్టాడు. ప్రతి జనవరిలోనూ ఇక్కణ్ణుంచే వీడియో కాల్ చేసేవాడు. దేవుడి పటానికి రెండు కోసుకు రారా అంటే నవ్వేవాడు. "ఇక్కడ కొండలెక్కేవాళ్లు ఇష్టమైనవాళ్లకి పువ్వు కోసివ్వరమ్మా, చూపిస్తారు. నీకు చూపించాగా, ఇచ్చేసినట్టే."

దారి పక్కన ఒక బండ దగ్గర సృజన ఆగింది. అంత పూలవాలులోనూ బండ కింద మంచమంత మేర నేల బోసిగా ఉంది. ఒక్క మొక్క లేదు.

"ఇదేంటి, ఇక్కడ పూయలేదు?"

"మేమే తొక్కినం ఆంటీ. మబ్బు కమ్మి హెలికాప్టర్ దిగలే. ఐదు గంటలు, కలిసి కొండెక్కిన ఎనిమిది మందిమి ఈడ్నే వాని చుట్టే ఉన్నం. ఇవి మళ్ల మొలవాలంటే ఇరవై ఏండ్లు పట్టొచ్చని రేంజర్ అన్నడు."

ఈ రెండు నెలల్లో శేషుకుమారి రిపోర్టులన్నీ చదివింది, డాక్టర్లందరినీ అడిగింది. ఈ పిల్లను మాత్రం ఒక్క మాట అడగలేదు.

"నువ్వెక్కడున్నావు?"

"ఈడ్నే కూసున్న. తల నా ఒళ్ల పెట్టుకున్న. చలి అంటే అందరి జాకెట్లు కప్పినం."

"నన్ను తలుచుకున్నాడా?"

"అమ్మకు ఇప్పుడే ఫోన్ చెయ్యకు, డ్యూటీల ఉంటది, అన్నడు."

శేషుకుమారి అక్కడే దారిలో కూలబడి ఏడ్చింది. తను లేని ఆ ఐదు గంటలూ వాడి తల ఒక ఒడిలోనే ఉందని ఇప్పుడు తెలిసింది. కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని, లేవడానికి సృజన చెయ్యి అందుకుంది. లేచాక కూడా వదల్లేదు.

"ఏటా జనవరిలో వచ్చి చూడు. ఇక్కడ మొదటి పువ్వు పూసినప్పుడు నాకు వీడియో కాల్ చెయ్యి."

"ఆంటీ, ఇరవై ఏండ్ల దాక పూయవు."

"పూయకపోయినా చెయ్యమ్మా," అంది శేషుకుమారి.