నాలుగో నిమిషం

“ఎలాగూ ఇంట్లో కూర్చునే ఉద్యోగమేగా, ఆ దుప్పట్లు కూడా ఆరేసెయ్యమ్మా” అన్నారు అత్తగారు. ఆవిడ తప్పేం లేదు పాపం, కోడలు ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటే ఎవరికైనా ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తుంది. నిజానికి ఆ పూట ఆమె నూట ఇరవై కిలోమీటర్ల అవతల కొండ మీదున్న ఒక మొండిఘటంతో కుస్తీ పడుతోంది.

మొండిఘటమంటే ఏడో నంబరు పెట్టె. కొండల మీది నీళ్ళ ట్యాంకులకు అలాంటివి పన్నెండున్నాయి. ట్యాంకులో నీళ్ళెంత ఉన్నాయో కొలిచి, లోపలి సిమ్ కార్డుతో కింది పంపుకు కబురు పంపడం వాటి పని. ఏడోది నెల రోజులుగా పలికితే పలికినట్టు, లేకపోతే లేదు. అది మూగబోయిన పూటల్లా కింది ఊళ్ళో కుళాయిలు ఎండిపోతున్నాయి. ఆఫీసు మగవాళ్ళు మూడుసార్లు జీపేసుకుని వెళ్ళి, యాంటెన్నా మార్చి, సిమ్ మార్చి, ఫొటోలు దిగి వచ్చారు. ఆ పెట్టెల్లో నడిచే ప్రోగ్రాం తొమ్మిదేళ్ళుగా చూసుకుంటున్నది ఆమే గానీ, ఒక్కదాన్నీ కళ్ళారా చూసింది లేదు. వెళ్తానని అడిగినప్పుడల్లా మేనేజరుది ఒకటే పాట: “మీకెందుకండీ ఆ కొండలూ గుట్టలూ?” ఒళ్ళు మండేది. నవ్వి ఊరుకునేది.

పెట్టె తన కథంతా తనలోనే రాసుకుని, పలికిన రోజున ఒక్కసారిగా పంపేస్తుంది. పొద్దున వచ్చిన ఆ చిట్టా కిటికీ గట్టు మీద తెరిచి పెట్టుకుని, క్లిప్పు పళ్ళ మధ్య పట్టుకుని దుప్పటి ఆరేస్తూ చదివింది. పెట్టె లేచింది. టవరు కోసం వెతికింది. సరిగ్గా మూడు నిమిషాలకు విసిగి, తనను తాను ఆపేసుకుని మళ్ళీ మొదటికొచ్చింది. రోజంతా అదే వరస. ఏ పూటో తొందరగా పలికినా, ఈ నెలగా ఆ కొండ మీద టవరు పలకడానికి నాలుగు నిమిషాలైనా పడుతోందన్నమాట! మూడు నిమిషాల గడువు పెట్టించింది సాక్షాత్తూ మేనేజరే. “అంతకన్నా ఎవరాగుతారండీ?” అన్నాడప్పుడు. ఆమెకు నవ్వాగలేదు, క్లిప్పు కింద పడింది.

“ఏమైందమ్మా?”

“దొంగ దొరికాడత్తయ్యా!”

పెట్టె అలా పడుతూ లేస్తూ ఉంటే దూరం నుంచి సరిచేయడం కుదరదు. ఎవరో ఒకరు వెళ్ళి, ల్యాప్‌టాప్ తీగ దానికి తగిలించి గడువు మార్చాలి. “భలే పట్టారండీ! మనవాళ్ళకి రాసివ్వండి, రేపు వెళ్ళొస్తారు” అన్నాడు ఫోన్లో మేనేజరు.

“రాసివ్వనండీ. నేనే వెళ్తాను.”

“నువ్వెళ్తే అమ్మాయి టిఫిను డబ్బా ఎవరు కడతారు?” అన్నాడు భర్త.

“చేతులున్నవాళ్ళు” అంది. ముందు ఫక్కున నవ్వింది అత్తగారే.

మర్నాడు మధ్యాహ్నం కొండెక్కి, రొప్పుతూ, మూడు నిమిషాల గడువుని ఆరు చేసి రాతి మీద కూర్చుంది. నాలుగో నిమిషంలో పచ్చ దీపం వెలిగింది. గంటసేపు చూసింది. ఆరలేదు. ఎవరూ లేరు కదా అని ఈల వేసింది కూడా.

పెట్టె తలుపు లోపల ఒక అట్ట అంటించి ఉంది. ‘వచ్చినవారు’ కింద మూడు మగ సంతకాలు, మూడింటి పక్కనా ‘సిగ్నల్ లేదు’. నాలుగో వరసలో తన పూర్తి పేరు గుండ్రంగా రాసి, పక్కన ‘సిగ్నల్ ఉంది, మనకే ఓపిక లేదు’ అని రాసింది. చివర ‘మళ్ళీ వచ్చేవారు’ అన్న గడిని ఇంతవరకూ ఎవరూ నింపలేదు. అక్కడ కూడా తన పేరే రాసి తలుపు మూసింది.